సిమెంటు రేకుల దుమ్ముతో ముప్పు: 20 ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు.. ఈ లక్షణాలుంటే డాక్టర్‌కి ముందు ఆ మాట చెప్పండి!

రామతీర్థం (విజయనగరం జిల్లా): తుపాను వచ్చిందంటే ఉత్తరాంధ్ర పల్లెల్లో ముందు ఎగిరిపోయేవి ఇంటి పైకప్పు రేకులే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల జనం ఇది కళ్లారా చూశారు. గాలి తగ్గగానే పగిలిన ముక్కలు ఏరడం, కొత్త రేకులు కోసి బిగించడం మొదలవుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ అనే ఖనిజపు పీచు కలుస్తుంది. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి వెళితే ఏమవుతుందో తెలియడానికి ఏళ్లు పడుతుంది.

రేకు కింద ఉంటేనే జబ్బు వస్తుందా?

కంగారు అక్కర్లేదు. పగలకుండా గట్టిగా ఉన్న రేకు నుంచి పీచు బయటకు రావడం తక్కువ. గ్రైండర్‌తో కోసినా, డ్రిల్లుతో బెజ్జం వేసినా, సుత్తితో పగలగొట్టినా, ఆ పొడిని చీపురుతో ఊడ్చినా కంటికి కనిపించనంత సన్నని పోగులు గాల్లోకి లేస్తాయి. ఎండకీ వానకీ పాడై, పైపొర రాలుతున్న పాత రేకులూ ప్రమాదమే.

ఊపిరితో లోపలికి వెళ్లిన పీచులో కొంత ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతుంది. శరీరం దాన్ని కరిగించలేదు. కాలం గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దీన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ కూడా రావచ్చు. తెల్ల ఆస్బెస్టాస్ సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మరెన్నో రెట్లు ఎక్కువ.

హెచ్చరిక లక్షణాలు ఇవే

* మెట్లెక్కినా, కొండెక్కినా, బరువు మోసినా ఆయాసం. రానురాను కూర్చున్నా ఆయాసమే.
* వారాల తరబడి తగ్గని పొడి దగ్గు.
* ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు ఉండటం.
* వేళ్ల చివర్లు ఉబ్బి గుండ్రంగా మారడం.
* కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం.
* కళ్లెలో రక్తం పడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

టీబీ అనుకుని ఆగిపోతున్నారా?

చిక్కు ఏంటంటే, ఈ లక్షణాలు దుమ్ము పీల్చిన వారానికో నెలకో రావు. మామూలుగా 10 నుంచి 40 ఏళ్లు పడుతుంది. పాతికేళ్ల వయసులో షెడ్లు వేసిన మేస్త్రీకి యాభై దాటాక ఆయాసం మొదలైతే, ఆ పనికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందన్న ఆలోచనే రాదు. దగ్గు అనగానే టీబీ పరీక్ష చేయించుకుంటారు. చేయించుకోవాల్సిందే. కానీ అందులో టీబీ లేదని వచ్చాక కూడా దగ్గు తగ్గకపోతే అక్కడితో వదిలేయకూడదు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, అవసరమైతే సీటీ స్కాన్ చేయించాలి. విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది.

చట్టం ఎవరికి అండ?

చట్టం ప్రకారం ఆస్బెస్టోసిస్ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టే ఇంత గడువు.

అయితే ఈ రికార్డు ఫ్యాక్టరీ కార్మికుడికే. ఊరూరా తిరిగి రేకులు కోసే మేస్త్రీకి, ముక్కలు మోసే కూలీకి, హైదరాబాద్, చెన్నై వలస వెళ్లి షెడ్లు వేసి వచ్చినవాళ్లకి ఏ రికార్డూ ఉండదు. ఐరోపా యూనియన్‌లో 2005 నుంచే ఆస్బెస్టాస్‌పై నిషేధం ఉంది. అమెరికా 2024 మార్చిలో తెల్ల ఆస్బెస్టాస్‌నూ నిషేధించింది. మన దేశంలో గనుల తవ్వకం ఆగినా, దిగుమతి చేసుకున్న ఆస్బెస్టాస్‌తో రేకుల తయారీ సాగుతోంది.

ఏం చేయాలి?

రేకును ముందు నీళ్లతో తడపాలి. గ్రైండర్ వాడకుండా చేతి రంపంతో, ఆరుబయట కోయాలి. పొడిని ఊడ్చకుండా తడి గుడ్డతో తుడవాలి. మూతికి చుట్టుకున్న తువ్వాలు, మామూలు సర్జికల్ మాస్కు ఈ పీచును ఆపలేవు. పని బట్టలను ఇంట్లో దులపొద్దు, మిగతావాటితో కలిపి ఉతకొద్దు. ఆ దుమ్ము పిల్లలూ పీలుస్తారు. పగిలిన ముక్కలను దారి గుంతల్లో వేయొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. వేడికి అవి పేలి చిట్లుతాయి.

ఇక డాక్టర్ దగ్గరికి వెళ్తే దగ్గు ఎన్నాళ్లుగా ఉందో చెప్పి ఊరుకోవద్దు. ఏ ఊళ్లో, ఎన్నేళ్లు, ఏ పని చేశారో కాగితం మీద రాసి చూపించండి. రికార్డు లేని కూలీకి ఆ కాగితమే రికార్డు.