తీర్పరి ఉంటేనే చిన్న దేశానికి దన్ను

2021 మే 26న స్విట్జర్లాండ్‌కు సంబంధించి రెండు ముఖ్యమైన పరిణామాలు ఒకేసారి జరిగాయి. యూరోపియన్ యూనియన్‌తో 2014 నుంచి నడుస్తున్న సంస్థాగత ఒప్పందం చర్చలకు బెర్న్‌లోని స్విస్ ప్రభుత్వం, అంటే ఫెడరల్ కౌన్సిల్, స్వస్తి చెప్పింది. వైద్య పరికరాలపై ఈయూ కొత్త నిబంధనలు కూడా ఆ రోజే అమల్లోకి వచ్చాయి. స్విట్జర్లాండ్ వాటికి తగ్గట్టు తన నిబంధనలను ముందే సవరించుకుని, సరిగ్గా అదే తేదీన అమల్లో పెట్టింది. అయినా ఒకరి ధ్రువీకరణను మరొకరు అంగీకరించే పరస్పర గుర్తింపు ఒప్పందంలో ఆ పరికరాలకు సంబంధించిన అధ్యాయాన్ని తాజాపరచడానికి ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్ ఒప్పుకోలేదు. దాంతో అంతకుముందు రోజు వరకు ఏ అడ్డూ లేకుండా జర్మనీ ఆసుపత్రికి చేరిన స్క్రూ, విరిగిన ఎముకకు బిగించే అదే స్క్రూ, తెల్లారేసరికి పరాయి దేశపు సరుకైపోయింది. దాని లోహం మారలేదు, తయారీ ప్రమాణం మారలేదు. మారిందల్లా కాగితాలే. ఇకపై తయారీదారు ఈయూ గడ్డ మీద ఒక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి, దిగుమతిదారు వివరాలు సరుకుతో పాటు చూపాలి. పెద్ద కంపెనీకి ఇదొక ఖర్చు మాత్రమే. పాతికమందితో నడిచే కర్మాగారానికి బతుకు సమస్య.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1992 డిసెంబర్ 6న యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో చేరడానికి 50.3 శాతం స్విస్ ఓటర్లు ‘వద్దు’ అన్నారు. నార్వే ఆ ప్రాంతంలో చేరింది, స్విట్జర్లాండ్ విడివిడి ఒప్పందాల దారి పట్టింది. 1999లో ఏడు ఒప్పందాల మీద సంతకాలయ్యాయి. కార్మికుల రాకపోకలు, విమానాలు, రోడ్డు రవాణా, వ్యవసాయం వగైరా అన్నీ అందులోనే. ఒకటి తెగితే ఏడూ తెగే గిలటిన్ నిబంధన వాటిని కట్టి ఉంచింది. 2000లో 67.2 శాతం ఓటర్లు ఆమోదించారు. ఇప్పుడు అన్నీ కలిపి నూటికి పైగా ఒప్పందాలున్నాయి. వాటిలో చాలావరకు రాసిన రోజు నాటి చట్టాన్నే పట్టుకుని ఉంటాయి. అవతలి వైపు చట్టం ఏటా మారుతుంది. ప్రతి మార్పుకూ రెండు పక్షాలూ మళ్లీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఏమిటన్న ప్రశ్నకు తెగేసి జవాబు చెప్పే తీర్పరి లేడు. అలాంటి చోట పెద్దవాడి మౌనమే ఆయుధం. రద్దు చేయనక్కర్లేదు, సంతకం ఆలస్యం చేస్తే చాలు. ఈయూ కొత్త యంత్రాల నిబంధన 2027 జనవరిలో అమల్లోకి వస్తుంది కాబట్టి ఈ బెడద ఇక వైద్య పరికరాల దగ్గరే ఆగదు.

2024 డిసెంబర్‌లో చర్చలు ముగిసిన కొత్త ఒప్పందాల మూటను నేను సమర్థించేది అందుకే. ఈయూ చట్టం మారితే స్విట్జర్లాండ్ ఆ మార్పును తీసుకోవాలి. కాదనే హక్కు పార్లమెంటుకూ ప్రజలకూ ఉంటుంది. కాదంటే ఈయూ ప్రతిచర్య తీసుకోవచ్చు, కానీ అది తగినంతే ఉండాలి, అంతర్గత మార్కెట్ ఒప్పందాల పరిధి దాటకూడదు. మితిమీరిందా లేదా అన్నది ఇరుపక్షాలూ నియమించిన మధ్యవర్తి మండలి తేలుస్తుంది. 2014లో వలసల పరిమితికి స్విస్ ఓటర్లు ‘అవును’ అన్నప్పుడు ఈయూ ప్రతిచర్య దెబ్బ విశ్వవిద్యాలయాల మీద పడింది, పరిశోధన పథకాల్లో వాటి భాగస్వామ్యం చిక్కుల్లో పడింది. వలసల తగాదాకు ప్రయోగశాలలు మూల్యం చెల్లించాల్సి రావడం అన్యాయం. అలాంటి అన్యాయాన్ని నిలదీసే వేదిక అప్పుడు లేదు.

‘పరాయి న్యాయమూర్తులు’ అన్న అభ్యంతరం స్విస్ రాజకీయాల్లో చాలా బలమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. వివాదం ఈయూ చట్టంలోని భావన మీద ఆధారపడితే మధ్యవర్తులు లక్సెంబర్గ్‌లోని ఈయూ న్యాయస్థానం వ్యాఖ్యానాన్ని అడగాలి, దానికి కట్టుబడాలి. అది నిజంగా కోల్పోయే అధికారమే. అయితే ఆ వ్యాఖ్యానం ఇప్పటికే స్విస్ ఎగుమతిదారును కట్టేస్తోంది. స్విస్ ఎగుమతుల్లో సగం వరకు వెళ్లేది ఈయూకే. 2010 నుంచి ఈయూలో చట్టబద్ధంగా అమ్ముడయ్యే చాలా వస్తువులను స్విట్జర్లాండ్ ఎవరూ బలవంతపెట్టకుండానే తన మార్కెట్లోకి అనుమతిస్తోంది. ఇంతకాలం చట్టం తయారయ్యాక అనుసరించడమే ఉండేది. కొత్త ఒప్పందాలతో ముసాయిదా దశలోనే నిపుణుల సంఘాల్లో కూర్చుని మాట చెప్పే వీలొస్తుంది. ఓటు ఉండదు, నిజమే. సభ్యత్వం వద్దనుకున్నప్పుడే ఆ ఓటు పోయింది.

తీర్పరి లేకున్నా దెబ్బకు దెబ్బ తీయగలమంటూ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉదాహరణ ఎత్తి చూపేవారూ ఉన్నారు. 2019లో స్విస్ ఎక్స్ఛేంజ్‌కు సమాన హోదాను ఈయూ పొడిగించలేదు. స్విట్జర్లాండ్ తన కంపెనీల షేర్లను ఈయూ వేదికల మీద అమ్మకుండా నిషేధించింది, లావాదేవీలు జ్యూరిక్‌కే తిరిగి వచ్చాయి. ఆ దెబ్బకు దెబ్బ ఫలించింది. ఫలించడానికి కారణం, ఆ షేర్లకు అసలు సంత జ్యూరిక్కే కావడం. స్క్రూలకు, యంత్రాలకు సంత అవతలి ఒడ్డున ఉంది. ఒక రంగంలో కలిసొచ్చిన ఎత్తును దేశ విధానంగా మార్చలేం.

వేతనాలు పడిపోతాయన్న కార్మిక సంఘాల భయం మాత్రం నాకు సహేతుకంగానే కనిపిస్తుంది. ఇప్పటి వరకు జర్మనీ వడ్రంగి సంస్థ జ్యూరిక్‌లో పని ఒప్పుకుంటే మనుషులను పంపడానికి 8 రోజుల ముందే తెలియజేయాలి. తనిఖీ అధికారులు వేతనాలు సరిచూడటానికి ఆ గడువు. కొత్త ఒప్పందంలో అది 4 పనిదినాలకు తగ్గుతుంది. పైగా బస, భోజనం ఖర్చు ఏ దేశపు లెక్కన ఇవ్వాలన్న చిక్కు ఉంది. సొంత ఊరి ధరల లెక్కన డబ్బిస్తే జ్యూరిక్‌లో ఆ కార్మికుడు తినేదెలా? ఫెడరల్ కౌన్సిల్ ప్రతిపాదించిన 14 దేశీయ రక్షణ చర్యలను పార్లమెంటు పలచన చేస్తే ఈ ఒప్పందానికి మద్దతు ఇవ్వడం నాకూ కష్టమే.

ఈ ఒప్పందాల ఆమోదానికి ప్రజల మెజారిటీతో పాటు కాంటన్‌ల (రాష్ట్రాల) మెజారిటీ కూడా కావాలా అన్న వాదం ఇంకొకటి. రాజ్యాంగం దాన్ని జాతీయాతీత సంఘాల్లో చేరడానికి కోరుతుంది, ఒప్పందాలకు కాదు. 2000లో ప్రజల ఓటే సరిపోయింది. ఇప్పుడూ అదే చాలని నా అభిప్రాయం. తిరస్కరించమని ప్రచారం చేసేవారు ఓటరుకు ఒక సంగతి చెప్పాలి: ఈసారి పరస్పర గుర్తింపు ఒప్పందంలోని మరో అధ్యాయాన్ని బ్రస్సెల్స్ తాజాపరచకుండా పక్కన పెడితే, బెర్న్ ఏ గడప తొక్కి న్యాయం అడుగుతుంది?