గొలుసు ఖర్చు ఆదా – కూలీ ప్రాణం పణం

చిన్న ట్రాక్టర్లు మన పల్లెల్లో పెరుగుతున్నాయి. 2014-15 నుంచి కేంద్రం యాంత్రీకరణ పథకం కింద యంత్రాలకూ, అద్దె కేంద్రాలకూ సబ్సిడీ ఇస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి.ని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. యంత్రం రావద్దని మేము అనటం లేదు. బత్తాయి, మామిడి తోటల్లో, పత్తి సాళ్ల మధ్య పెద్ద బండి తిరగని చోట చిన్న బండి తిరుగుతుంది. అయితే ఒక ఊళ్లో పని ముగించుకున్న ఆ బండి ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న ఇంకో ఊరికి ఎట్లా పోతున్నది? ఈ ప్రశ్న వేసేవారు లేరు.

పోయే తీరు మనందరికీ తెలిసిందే. పెద్ద ట్రాక్టరు ట్రాలీలోకో, చిన్న లారీలోకో ఎక్కిస్తారు. దొరికిన కొబ్బరి తాడో, నైలాన్ తాడో నాలుగు చుట్లు చుడతారు. చక్రాల కింద రెండు ఇటుకలు పెడతారు. పైగా బండి కదలకుండా చూడమని ఒక కూలీని ట్రాలీలోనే నిలబెడతారు. ‘పక్క ఊరే గదా, ఏం కాదులే, మెల్లగా పోండి’ అంటాడు ఆసామి. కాదంటే రేపు పనికి పిలవడేమోనని కూలీ ఎక్కుతాడు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

చిన్న ట్రాక్టరు అన్నంత మాత్రాన అది చిన్న బరువు కాదు. రకాన్ని బట్టి ఆరేడు వందల కిలోల నుంచి టన్ను దాకా తూగుతుంది. రొటోవేటరు తగిలిస్తే ఇంకా ఎక్కువ. గేదె అడ్డం వచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు కొడితే లాగే బండి ఆగుతుంది గానీ పైనున్న ట్రాక్టరు ముందుకే పోజూస్తుంది. అందుకే చాలా దేశాల రోడ్డు నిబంధనల్లో ఒక లెక్క పెట్టారు: కట్టు అనేది ముందు వైపుకు సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల తోపుడునూ, వెనక్కీ పక్కలకూ సగం బరువు తోపుడునూ ఆపగలగాలి. అంటే వెయ్యి కిలోల బండి ఎనిమిది వందల కిలోల బలంతో ముందుకు తోస్తుంది. ఏ కూలీ రెండు చేతులు దాన్ని ఆపగలవు? మన ట్రాలీల్లో చాలా వాటికి సొంత బ్రేకులు కూడా లేవన్న సంగతి దీనికి కలుపుకోవాలి.

కాబట్టి పని ఎట్లా జరగాలో మన వాళ్లు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. చదునైన నేల మీద, ట్రాలీని లాగే బండికి తగిలించి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టిన తర్వాతే ఎక్కించాలి. పలకలు పొడుగ్గా, గట్టిగా ఉండాలి. నిటారు పలకల మీద ముందుకు ఎక్కిస్తే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. అందుకని చిన్న గేరులో, మెల్లగా ఎక్కించాలి. ఆ సమయంలో వెనకాల గానీ పక్కన గానీ మనిషి నిలబడకూడదు. రెండు చక్రాల ట్రాలీ అయితే బరువు ఇరుసుకు కొంచెం ముందుండాలి. వెనక్కి పోయిందా, కొక్కెం దగ్గర ఎత్తేసి ట్రాలీ రోడ్డు మీద తోక ఊపుతుంది.

ఎక్కించాక గేరులో పెట్టి, హ్యాండు బ్రేకు వేసి, తాళం తీసేయాలి. రొటోవేటరును ట్రాలీ నేల మీదికి దించి, దాన్ని విడిగా కట్టాలి. ట్రాక్టరును నాలుగు మూలలా నాలుగు గొలుసులతో, ముందుకు రెండు, వెనక్కి రెండు, బిగించాలి. గొలుసు ఇరుసుకో, గట్టి ఛాసిసుకో పడాలి. స్టీరింగు కడ్డీకీ, లిఫ్టు చేతులకూ కట్టరాదు. తాడు సాగుతుంది, ఇనుప అంచు తగిలితే తెగుతుంది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఆగి, గొలుసులు వదులయ్యాయేమో చూసి మళ్లీ బిగించాలి. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. కావలసింది నాలుగు గొలుసులు, బిగించే స్క్రూలు, ఒక అరగంట. లక్షలు పోసి బండి కొన్నవాడు ఈ ఖర్చు దగ్గర చెయ్యి ముడుచుకుంటున్నాడు.

అన్నిటికన్నా ముఖ్యం, కట్టిన తర్వాత ట్రాలీలో మనిషి ఉండకూడదు. ట్రాలీ మనుషుల బండి కాదని నల్లగొండ ప్రాంతం 2018లో రెండుసార్లు నేర్చుకుంది. ఏప్రిల్ 6న పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది పోయారు. జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో ట్రాలీ పడి పదిహేను మంది చనిపోయారు. దాదాపు అందరూ మహిళలే. అక్కడ ట్రాలీలో మనుషులే ఉన్నారు. మనిషి పక్కనే టన్ను ఇనుము కూడా ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

జరగరానిది జరిగినప్పుడు ‘కూలీ సరిగ్గా కట్టలేదు’ అన్న మాట తయారుగా ఉంటుంది. ట్రాలీలో మనిషిని ఎక్కించటం నిబంధనలకు విరుద్ధమన్న సాకు చూపి ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఎగ్గొట్టజూస్తుంది. కానీ ఒక సంగతి మనం గట్టిగా గుర్తుంచుకోవాలి. ట్రాక్టర్లతో చేసే సేద్యపు పని 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలోనే ఉంది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. లేబర్ కోడ్ల మీద మన పోరాటం మనది, అయినా ఈ హక్కును వదులుకోనక్కరలేదు. పనిలో కూలీ చనిపోతే, అతని అజాగ్రత్తే కారణమని చెప్పి యజమాని తప్పించుకోవటానికి వీల్లేదు. అందుకే ఆ రోజు ఎవరి పనికి పోయారో, ఎవరు పంపారో రుజువు ఉండాలి. ఫోనులో ఒక మెసేజీ అయినా, ఫోటో అయినా సరే.

కార్యకర్తలు ఈ విషయాన్ని గ్రామ సభల్లో ఎత్తాలి. సబ్సిడీ ఇచ్చే ప్రతి అద్దె కేంద్రం గొలుసులు, పలకలు, దిమ్మెలు కూడా ఉంచాలని, ట్రాలీలకు బ్రేకులూ వెనక దీపాలూ ఉన్నాయో లేవో అధికారులు తనిఖీ చేయాలని డిమాండు చేయాలి. ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేదు. గొలుసు లేనిదే బండి ఎక్కించం, ట్రాలీలో మనిషిని ఎక్కనివ్వం అని ఊళ్లోని డ్రైవర్లు, కూలీలు ఒక్క మాట మీద నిలబడాలి. ఒక్కడు కాదంటే పని పోతుంది. అందరూ కాదంటే ఆసామి గొలుసు కొంటాడు.