చలిజ్వరానికి అప్పుపడే ఇల్లు ఉండొద్దు

సింగరేణి అన్నలారా, అక్కలారా, రామగుండం, గోదావరిఖని బస్తీల తమ్ముళ్లారా, చెల్లెళ్లారా,

మన దేశంలో ప్రభుత్వ దవాఖానకు పోతే మలేరియా పరీక్ష ఉచితం, గోలీలు ఉచితం. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్టుతో వేలికొసన ఒక్క నెత్తుటి చుక్క తీస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. అయినా చలిజ్వరం వచ్చిన కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో వేల రూపాయలు ఎట్లా కరిగిపోతున్నాయి? దీనికి జవాబు ఏ ఒక్కరో చెప్పేది కాదు. గనిలో పనిచేసేవాళ్లు, మందులమ్మేవాళ్లు, మందులు రాసేవాళ్లు, యూనియన్ జెండా మోసేవాళ్లు, మనమంతా కలిసి చెప్పాల్సిన జవాబు.

పర్మినెంట్ కార్మికుడికి, అతని కుటుంబానికి సింగరేణి కంపెనీ ఆసుపత్రి ఉంది. ఆ హక్కు ఊరికే రాలేదు, మన పెద్దలు కొట్లాడి తెచ్చుకున్నారు. కానీ ఈ బొగ్గు బెల్టులో ఇప్పుడు మట్టి ఎత్తేది, బొగ్గు తరలించేది, రాత్రుళ్లు కాపలా కాసేది చాలావరకు కాంట్రాక్టు చేతులే. వాళ్లకు మస్టర్ పడకపోతే కూలి లేదు. అందుకే జ్వరం రాగానే ‘రేపటికి లేచి నిలబడాలె’ అన్న తొందర. ఆ తొందరకే ధర పడుతుంది. మొదటి రోజు సందు చివర సూదిమందు, గ్లూకోజు. రెండో రోజు అవసరం ఉన్నవీ లేనివీ కలిపి పరీక్షలు. మూడో రోజు కూడా జ్వరం దిగకపోతే అడ్మిషన్. ఇంటి ఆడబిడ్డ చెవి కమ్మలు కుదువకు పోతాయి. చివరికి మలేరియా అని తేలితే, అసలు రోగాన్ని కుదిర్చే గోలీలు ఆ బిల్లులో అన్నిటికంటే కింద, అన్నిటికంటే తక్కువ ధరలో కనిపిస్తాయి.

లెక్క చూద్దాం. వైవాక్స్ రకం మలేరియాకు పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చేది మూడు రోజుల్లో పది క్లోరోక్విన్ గోలీలు, పద్నాలుగు రోజుల పాటు ప్రైమాక్విన్. బయట కొన్నా మొత్తం కలిపి ఒక రోజు కూలి కంటే తక్కువే. ప్రమాదకరమైన ఫాల్సిపారం రకానికి ఆర్టెమిసినిన్ జాతి మందును మరో మందుతో కలిపి ఇస్తారు. అది కూడా సర్కారు దవాఖానలో ఉచితమే.

మందుల షాపులో స్ట్రిప్ చేతికిచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చీమ తలంత అక్షరాల్లో ఉన్నది అసలు మందు పేరు, దాని మోతాదు. పక్కన గరిష్ఠ చిల్లర ధర, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. క్లోరోక్విన్ ఏ కంపెనీ పేరుతో వచ్చినా క్లోరోక్వినే. మలేరియా మందుల్లో ముఖ్యమైనవన్నీ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వాటికి కేంద్రం గరిష్ఠ ధర కడుతుంది. మార్కెట్లో ఒక శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్లు షాపుకు అమ్మే ధరల సగటు తీసి, దాని మీద షాపువాడికి 16 శాతం కలిపి ఆ ధర నిర్ణయిస్తారు. ఆ ధర, దానిపై పన్ను దాటి ఎవరూ అమ్మకూడదు. స్ట్రిప్ మొత్తం అక్కర్లేక నాలుగు గోలీలే కొంటే, స్ట్రిప్ ధరను గోలీల లెక్కన పంచి అంతే తీసుకోవాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. చట్టం మన పక్కన ఉంది. మనం నోరు తెరిచి అడగడం లేదు, బిల్లు తీసుకోవడం లేదు.

డాక్టరు గారు రాసిన చీటీలోనే అసలు మందు పేరు ఉంటే పేదవాడికి దారి తెరుచుకుంటుంది. మందుల పేర్లు జనరిక్‌లో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో సవరించిన వైద్య మండలి నియమం చెబుతోంది. రాసిన బ్రాండు మార్చి ఇచ్చే అధికారం షాపువాడికి లేదు. కాబట్టి అడగాల్సిన చోటు డాక్టరు గది. ‘సార్, జనఔషధి షాపులో దొరికే పేరుతో రాయండి’ అని అడగడానికి సిగ్గుపడకండి. ఆ షాపుల్లో మందులు బ్రాండు ధర కంటే సగానికి, ఒక్కోసారి అంతకంటే చాలా తక్కువకు దొరుకుతాయి.

మందు ధర ఆకాశం నుంచి ఊడిపడదు, మనుషులే పెడతారు, మనుషులే దించుతారు. పిరిమెథమిన్ సంగతే చూడండి. మలేరియా కోసం తయారైన పాత మందు అది. మన దగ్గర సల్ఫాడాక్సిన్‌తో కలిపి కొన్ని రూపాయలకే దొరికేది. అదే మందును అమెరికాలో డారాప్రిమ్ పేరుతో అమ్మే హక్కు 2015లో ఒక కంపెనీ కొనుక్కుని, గోలీ ధరను పదమూడున్నర డాలర్ల నుంచి ఒక్కసారిగా 750 డాలర్లకు పెంచింది. మందు మారలేదు, పోటీ లేకపోవడమే దానికి వీలిచ్చింది. దించిన కథ కూడా ఉంది. 1892లో బెంగాల్‌లో క్వినైన్‌ను చిన్న చిన్న పొట్లాలు కట్టి పోస్టాఫీసుల్లో పైసాకొకటి అమ్మించారు. వలస సర్కారు చేయగలిగిన పని మనం చేయలేమా? బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టి, 1970 పేటెంట్ల చట్టం తెచ్చి, హైదరాబాద్‌ను ప్రపంచానికి చవక మందులు పంపే ఊరుగా మార్చుకున్నాం. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది కూడా ఈ గడ్డ మీదే. రోగం గుట్టు విప్పిన నేల ఇది, ప్రపంచానికి మందు వండే నేల ఇది. ఇక్కడ జ్వరానికి అప్పు పుట్టడం మనందరికీ అవమానం.

ఇప్పుడు అసలు ఖర్చు ఎక్కడుందో చెబుతాను, గట్టిగా వినండి. వైవాక్స్ పురుగు నెత్తుటిలోనే ఉండదు, కాలేయంలోనూ దాక్కుంటుంది. క్లోరోక్విన్‌తో మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. మనిషి లేచి డ్యూటీకి పోతాడు. ప్రైమాక్విన్ స్ట్రిప్ గూట్లో, దేవుడి పటం పక్కన సగం ఖాళీగా మిగిలిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో అదే పురుగు మళ్లీ లేస్తుంది. మళ్లీ సూదిమందు, మళ్లీ పరీక్షలు, మళ్లీ నాగాలు. గూట్లో మిగిలిన ఆ గోలీల విలువ కొద్ది రూపాయలైతే, రెండోసారి వచ్చిన జ్వరం ధర వేలల్లో. అందుకే మలేరియా మందు ఖర్చు తగ్గించే మొదటి దారి పద్నాలుగు రోజులు పూర్తిగా మింగడం. భార్య గుర్తుచేయాలి, జట్టు మనిషి గుర్తుచేయాలి, సర్దార్ డ్యూటీ వేసేటప్పుడు అడగాలి.

ఒక పైలం మాట. ప్రైమాక్విన్ అందరికీ పడదు. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ మందుతో ఎర్రకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. మూత్రం నల్లగా, ముదురు రంగులో పోస్తే గోలీ ఆపి వెంటనే దవాఖానకు పోవాలి. చవకగా దొరికిందని పరీక్ష లేకుండా, పక్కింటివాళ్ల చీటీ పట్టుకుని మింగొద్దు.

ఇంకొందరి గురించి మాట్లాడాలి. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఏటా చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఒడిశా కుటుంబాలు పనిచేస్తాయి. మన ఇళ్ల గోడలు వాళ్లు చేసిన ఇటుకలే. మలేరియా ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో ఒడిశా ఒకటి. ‘వాళ్లే రోగం తెస్తున్నారు’ అని మొహం తిప్పుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. తెలుగు రాని తల్లి, చంకలో కాలిపోతున్న బిడ్డతో ఏ షాపు ముందు నిలబడి ఏ మందు పేరు అడుగుతుంది? ఆమెకు పరీక్ష అందకపోతే దోమ ఆమెతో ఆగదు, మన క్వార్టర్లకూ వస్తుంది. బట్టీ యజమానులారా, కూలీలు దిగిన వారంలోనే ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టండి. ఒడియా తెలిసిన ఒక్క మనిషిని వెంట పంపండి.

2015లో దేశంలో 11 లక్షల 69 వేల మలేరియా కేసులు నమోదైతే, 2023 నాటికి 2 లక్షల 27 వేలకు దిగాయి. 2030 నాటికి పూర్తిగా లేకుండా చేయాలన్నది దేశం పెట్టుకున్న గడువు. తగ్గింది కదా అని చేతులు దులుపుకుంటే తిరిగొస్తుంది. ఓపెన్‌కాస్టు గుంతల్లో నిలిచిన వాననీళ్లు, ఇంటి ముందు మూతలేని డ్రమ్ములు, వాడటం మానేసిన కూలర్లు, ఇవన్నీ దోమలకు పుట్టిళ్లే. శుక్రవారం పూట ఆ నీళ్లు పారబోయడానికి రూపాయి ఖర్చు లేదు. గనుల గుంతల్లో నీటి సంగతి మాత్రం కంపెనీదే, అది మన చేతుల్లో బకెట్టుతో అయ్యే పని కాదు.

యూనియన్ నాయకులారా, మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపి తెలంగాణ రాష్ట్రం కోసం నిలబడ్డ బలగం మనది. వారాల పాటు జీతం వదులుకోగలిగిన మనుషులకు, కాంట్రాక్టు తమ్ముడి జ్వరం మాట ఎత్తడం ఎంత పని? యాజమాన్యంతో జరిగే తర్వాతి స్ట్రక్చరల్ సమావేశం ఎజెండాలో ఈ రెండు మాటలు పెట్టండి. జ్వరమొచ్చిన ఏ కార్మికుడికైనా, పర్మినెంటా కాంట్రాక్టా అని అడగకుండా, కంపెనీ డిస్పెన్సరీలో నెత్తుటి పరీక్ష చేయాలి. మలేరియా అని తేలిన కాంట్రాక్టు కార్మికుడికి మందు పూర్తయ్యేదాకా పని పోదన్న భరోసా కావాలి. గెలుపోటముల లెక్క చూసుకోకుండా ఈ విషయంలో అన్ని జెండాలూ ఒక్కటవ్వండి.

మందుల షాపు మిత్రులారా, మీ కౌంటర్ మీద ‘మలేరియా పరీక్ష, మందు సర్కారు దవాఖానలో ఉచితం’ అని ఒక అట్ట తగిలించండి. మీ గిరాకీ పోదు, మీ మీద నమ్మకం పెరుగుతుంది. మహిళా సంఘాల అక్కలారా, పొదుపు సమావేశంలో ‘ఎవరింట్లో జ్వరం?’ అన్నది మొదటి ప్రశ్న కావాలి. టీచర్లారా, బడికి రాని పిల్లవాడి ఇంటికి ఒకసారి కబురంపండి.

రేపు మొదటి షిఫ్టు గేట్ మీటింగ్‌లో మీరు ఉంటే, మైకు అందుకుని ఇదొక్కటి చెప్పండి: చలి, వణుకు, జ్వరం కలిసి వస్తే ఆ రోజే పరీక్ష, తేలితే పూర్తి మందు, దాని కోసం ఎవరూ అప్పు చేయొద్దు. వినడానికి రాని కాంట్రాక్టు మనిషి ఒక్కడైనా మీ బస్తీలో ఉంటాడు. సాయంత్రం అతని ఇంటికి పోయి చెప్పి రండి.