నీటి అడుగున పూత

బకింగ్‌హాం కాలువ మీదుగా చెన్నపట్నానికి కట్టెలు, ఉప్పు తెచ్చిన పడవల సంగతి మన పెద్దవారు చెప్పగా విన్నదే. ఈ నెల ఇంగ్లండు కాలువల పడవలను గూర్చి ముచ్చటిస్తాము. ఏడడుగుల వెడల్పుండే ఈ ఉక్కు పడవలు నేడు అనేకులకు ఇండ్లు. పైభాగాన గులాబీలు, కోటలు చిత్రించి ముస్తాబు చేస్తారు. అయితే పడవ ఆయువంతా నీట మునిగిన రేకులో ఉంది. అందుకే సాధారణంగా రెండు మూడేళ్లకొకసారి గట్టెక్కించి, నాచు కడిగి, తుప్పు గీకి, బాగా ఆరిన పిమ్మట నల్లని తారుపూత పొరలుగా వేస్తారు. నీరూ గాలీ కలిసే గీటు వద్ద తుప్పు జాస్తి. అచ్చట ఒక పొర అదనం. ప్రక్కల బిగించిన మెగ్నీషియం దిమ్మలు ఉక్కుకు బదులు తామే కరిగిపోతాయి. వాటికి మాత్రం పూత తగలనీయరు. పండుగకు గోడలకు సున్నం వేయించే ముందు మనమూ ఇంటి కప్పు ఒకసారి చూచుకోవద్దూ?