ఆముదపు విత్తనమును ఊరు కాపాడుకొనవలెను
పాలమూరు, నల్లగొండ చెల్కనేలల రైతులకు విన్నపము



తొలకరికి ఎఱ్ఱచెల్కలు పదునెక్కినంతనే ఆముదము విత్తుట మన తాతల నాటి వాడుక. నేల లోతు చాలకున్నను, నడుమ వాన మొగము చాటు చేసినను, తల్లివేరును లోనికి దింపుకొని ప్రాణము నిలుపుకొనగల ఈ పైరును నేడు మనము ‘దిగుబడి లేదు’ అను ఒక్క మాటతో త్రోసివేసి, ఆ చేలను ప్రత్తికి అప్పగించుచున్నాము. దోషము మొక్కది కాదు. మనము విత్తుచున్న కలగలసిన బెరుకు విత్తనముది. 1968 లో ప్రపంచమునకే మొదటి ఆముదపు సంకరరకమగు జి.సి.హెచ్.-3ని వెలువరించిన గుజరాతు, నేడు దేశపు పంటలో నూటికి ఎనుబది పాళ్లకు మించి పండించుచున్నది. అచట నీటివసతి కలదన్నది నిజమే. కాని మేలైన విత్తనము లేనిచో ఆ నీరు మాత్ర మేమి చేయగలదు?

ఆముదపు గెలలో ఆడుపూలు పైభాగమునను, మగపూలు క్రిందిభాగమునను ఉండును. పుప్పొడి గాలివాటున దూరము పోవును. కావున ప్రక్కచేనిలోని వేఱొక రకము మాత్రమే కాదు, పెంటదిబ్బ మీదను కంచె వెంబడిని ఏండ్ల తరబడి తనంత తాను పెరుగుచున్న ముసలి ఆముదపు చెట్టు సైతము మన విత్తనమును చెఱచును. మూడు నాలుగేండ్లు ఇంటి విత్తనమునే విత్తిన చేనిలో నిలిచి చూడుడు: ఒక మొక్క కాండము ఎఱుపు, ఒకదానిది పచ్చన, ఒకటి మోకాలియెత్తున గెల వేయగా మఱియొకటి నడుమెత్తు దాటినను వేయదు.

ఇట్టి కలగాపులగమును వేఱుచేయుటకు కన్నులు చాలును, యంత్ర మక్కఱలేదు. మొదట కాండపు రంగు చూడవలెను. పిదప బూడిదవంటి మైనపు పూతను పరీక్షింపవలెను: కొన్నిటికి అది బొత్తిగా ఉండదు, కొన్నిటికి కాండము మీదనే యుండును, కొన్నిటికి ఆకు అడుగునను, మఱికొన్నిటికి ఆకు పైభాగమునను గూడ వ్యాపించియుండును. ఇది అందమునకు పుట్టినది కాదు; పూత లేని మొక్కను పచ్చదోమ ఎక్కువగా పీల్చును, ఒళ్లంతయు పూత గలదాని జోలికి అంతగా పోదు. తరువాత కణుపుల నడిమి దూరము, మొదటి గెలకు ముందున్న కణుపుల లెక్క, గెల వదులో బిగువో, కాయకు ముళ్లున్నవో లేవో గమనింపవలెను. జ్వాల రకపు కాయలకు ముళ్లుండవు. ముసురు పట్టిన దినములలో బిగువైన ముళ్లగెలలు నీటిని పట్టియుంచి బూజు తెగులునకు ముందుగా లోనగునని అనుభవజ్ఞులగు రైతు లెఱుగుదురు.

కనుక మా సూచన యిది: ప్రతి గ్రామమును అర ఎకరము విత్తనపు మడిగా ఏర్పఱచుకొనవలెను. పాలెం పరిశోధనాస్థానమునుండి వెలువడిన క్రాంతి, హరిత వంటి సూటి రకములలో ఒక్కదానిని ఎంచుకొని, చుట్టును 300 మీటర్లలోపల వేఱొక ఆముదము లేకుండ చూచి, బెరుకు మొక్కలను పూలు విచ్చకమునుపే పెఱికివేసి, మంచి మొక్కల మొదటి గెలలనుండి విత్తనము తీయవలెను. అర ఎకరమున రెండు క్వింటాళ్లే చేతికి వచ్చినను, ఎకరమునకు 4 కిలోల చొప్పున అది 50 ఎకరములకు సరిపోవును. సంకరరకములు విత్తువారు మాత్రము ఏటేట క్రొత్త విత్తనమే కొనవలెను. వాని సంతతి తల్లి గుణమును నిలుపుకొనదు.

సేద్యమున రెండు మాటలు. సాళ్ల నడుమ 90 సెంటీమీటర్లు, మొక్కల నడుమ 60 సెంటీమీటర్లు ఎడముంచి, జూలై నడిమిలోపల విత్తవలెను. దాసరి పురుగు కనబడినంతనే మందుకు పరుగిడక, ఏరి చంపవలెను. పురుగు నంటి తెల్లని చిన్నగూడు కనబడినచో అది మనకు మేలుచేయు కందిరీగది, దానిని బ్రతుకనిండు.

గింజలు విషపూరితములు. బిడ్డల చేతికి అందనీయకుడు. నూనె తీయగా మిగిలిన పిండి చేనికి ఎరువే గాని పశువునకు మేత కాదు.

ఈ వేసవిలోనే, మొదటి వాన పడకమునుపే, ఊరి చావడిలో కూడి ఏ రైతు చేనిలోని అర ఎకరము విత్తనపు మడి కాగలదో నిర్ణయించుడు. ఆనాడే పెంటదిబ్బలపైని ముసలి ఆముదములను నఱికివేయుడు.