చిరునామా లేని పిల్లల వాటా

ఐనవోలు మల్లన్న జాతరకు పోయి, పూసలోళ్ల దగ్గర బేరమాడకుండా తిరిగొచ్చే ఆడవాళ్లు ఓరుగల్లు చుట్టుపక్కల అరుదు. నల్లపూసలు, పిన్నీసులు, దువ్వెనలు, అన్నిటికీ గీచి గీచి బేరం చేస్తాం. దుకాణం వెనక తొట్టెలలో పడుకున్న బిడ్డకు ఏ అంగన్‌వాడీలో పేరుందో మాత్రం ఎవరం అడగం.

పూసలోళ్లు, బుడగజంగాలు, గంగిరెద్దులోళ్లు, మందులోళ్లు లాంటి సంచార జాతులు మనకు పరాయివాళ్లేం కాదు. పెండ్లికి పూసలు తెచ్చిందీ, అక్షరం రాని ఊళ్లకు వీరుల కథలు మోసుకొచ్చిందీ వీళ్లే. వీళ్ల పిల్లలను చూస్తే మాత్రం మన నోట ఒకటే మాట: "వీళ్లకు చదువేడ అబ్బుతది?"

ఆ మాటకే నా కడుపు మండేది. చాప మీద తల్లి గుమ్మరించిన పూసలను నాలుగేళ్ల పిల్ల ఏరుతుంటే ఒకసారి కూర్చుని చూడండి. ఎర్రవి ఒక దిక్కు, నీలివి ఒక దిక్కు. సన్నవి వేరు, లావువి వేరు. అంగన్‌వాడీలో గింజలతో, రంగు బిళ్లలతో నేర్పేది ఇదే కదా! అక్కడ చేస్తే చదువు, గుడారం ముందు చేస్తే కూలి పనా? బుడగజంగాల పిల్లగాడు తండ్రి పక్కన నిలబడి గంటల తరబడి సాగే కథకు వంత పాడతాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాణ్ణి మొద్దు అని వెనక కూర్చోబెట్టే బడికి ఎన్ని మార్కులు వేయాలి?

కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వస్తే అందరం మురిసిపోయాం. మంచిదే. అలాంటి కళ పెరిగే గుడారాల్లో పసివాళ్ల పళ్లెంలో గుడ్డు పడిందా అని మాత్రం చూడలేదు.

ఆ గుడ్డు పెట్టడం దానధర్మం సంగతి కాదు. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండీ కేంద్రం లేని వాడ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏడు నెలలు నిండిన బిడ్డకు మూడేళ్ల దాకా నెలకు 2.5 కిలోల బాలామృతం పొడి ఉంది. గర్భిణికి ఆరోగ్యలక్ష్మి పథకం కింద రోజూ ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఉన్నాయి. అవి అందాలంటే పేరెక్కాలి, పేరెక్కాలంటే చిరునామా అడుగుతారు. చిరునామా ఉంటే వాళ్లు సంచారులెందుకవుతారు? దానికి తోడు అనుమానం. కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాస్తూ 1871లో మొదలైన చట్టం 1952లో రద్దయింది. గుడారం కనబడగానే అనుమానంగా చూసే చూపు మాత్రం ఇంకా రద్దు కాలేదు.

వెయ్యేళ్ల కింద మన దేశం నుంచే వెళ్లిన రోమాలు యూరప్‌లో ఇదే వెలివేత అనుభవిస్తున్నారు. అయినా రొమేనియా 2002 నుంచి రోమా ఆడవాళ్లనే ఆరోగ్య మధ్యవర్తులుగా పెట్టి, తల్లులకూ ఆసుపత్రులకూ నడుమ దారి వేసింది. మనకేం అడ్డం? గుడారాల్లోని ఒక ఆడబిడ్డకు శిక్షణ ఇచ్చి అంగన్‌వాడీ ఆయాగా పెట్టుకుంటే, భయపడే తల్లులు బిడ్డలను ఆమె చేతిలో పెట్టి పోతారు.

గుడారం ఎక్కడ వేస్తే అక్కడి కేంద్రంలోనే పేరు రాయండి. ఎన్నాళ్లుంటారని అడగకండి. నెల రోజులే ఉన్నా, ఆ నెల గుడ్డు ఆ పిల్లదే.