లెక్కలోకి రాని సున్నా

అసలు మ్యాచ్‌కి ముందు ఒక మ్యాచ్ ఉంటుంది. వార్మప్ అనండి, ప్రాక్టీస్ మ్యాచ్ అనండి. గెలిస్తే కప్పు లేదు, ఓడితే తిట్లు లేవు. స్కోరు పేపర్లో ఏ మూలో పడుతుంది. అయినా క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని వదలరు. విజయనగరం వాళ్లకైతే ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. సిరిమానుకు ముందు రోజు తొలేళ్లు ఎలాగో, టెస్టుకు ముందు ఈ మ్యాచ్ అలాగ!

2019 సెప్టెంబరులో అలాంటి మ్యాచే ఒకటి ఆ ఊరికి వచ్చింది. అక్టోబరు 2 నుంచి విశాఖలో దక్షిణాఫ్రికాతో తొలి టెస్టు. దానికి ముందు డాక్టర్ పీవీజీ రాజు ఏసీఏ మైదానంలో బోర్డు ప్రెసిడెంట్స్ ఎలెవన్‌తో ఆ జట్టు మూడు రోజుల మ్యాచ్ ఆడింది. బోర్డు జట్టుకు కెప్టెన్ రోహిత్ శర్మ. టీవీలో తప్ప చూడని మనిషి, బస్సు దిగి నడిచి వెళ్లేంత దూరంలో బ్యాటు పట్టుకుంటాడంటే మాటలా!

తొలిరోజు వాన మింగేసింది. ఒక్క బంతీ పడలేదు.

కానీ ఆ మ్యాచ్ రోహిత్‌కి ఉత్త ప్రాక్టీసు కాదు. 2013లో ఆడిన మొదటి టెస్టులోనే 177 కొట్టినవాడు, ఆ తర్వాత ఆరేళ్లలో ఆడింది మొత్తం 27 టెస్టులే. వన్డేల్లో డబుల్ సెంచరీల మీద డబుల్ సెంచరీలు చేస్తున్నా, టెస్టు జట్టులోకి రావడం, పోవడం... ఇదే వరస. వెస్టిండీస్ టూర్ తర్వాత కేఎల్ రాహుల్‌ని పక్కనపెట్టిన సెలక్టర్లు, ఈసారి రోహిత్‌ని ఓపెనర్‌గా దింపుతామన్నారు. టెస్టుల్లో ఎన్నడూ చెయ్యని పని. వయసా, ముప్ఫై రెండు. ఇది కూడా కుదరకపోతే మళ్లీ తెల్లబట్టలు వేసుకునే అవకాశం వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆ కొత్త పనికి తొలి పరీక్ష ఎక్కడంటే, విజయనగరంలో.

రోహిత్ ఎదుర్కొన్నది రెండే రెండు బంతులు. ఫిలాండర్ వేసిన కొత్తబంతి బ్యాట్ అంచుకు తగిలి కీపర్ క్లాసెన్ చేతిలో పడింది. సున్నా!

ఇక చూడాలి, టీకొట్ల దగ్గర తీర్పులు!

‘‘ఏటి గురూ, ఓపెనరన్నారు... రెండు బంతులకే ఎలిపోనాడు!’’

‘‘ప్రాక్టీసే కదా, వదిలెయ్.’’

‘‘ప్రాక్టీసులో ఆడనోడు అసల్లో ఏటాడతాడు?’’

మాటకు మాట బాగానే ఉంటుంది గానీ, చివరి ప్రశ్నకు జవాబు నాలుగు రోజుల్లోనే వచ్చేసింది. బస్సెక్కితే గంటో గంటన్నరో ప్రయాణం, అదే విశాఖలో. తొలి ఇన్నింగ్స్‌లో 176. మయాంక్ అగర్వాల్‌తో కలిసి తొలి వికెట్‌కి 317 పరుగులు. రెండో ఇన్నింగ్స్‌లో 127. ఒకే టెస్టులో 13 సిక్సర్లు, అప్పటికి అది రికార్డు. ఆ ఫిలాండరే బౌలింగ్ చేశాడు, ఆ కొత్తబంతే వేశాడు. కాకపోతే ఈసారి రోహిత్ ఆఫ్ స్టంప్ అవతలి బంతుల జోలికి తొందరపడి వెళ్లలేదు. బంతి మెరుపు తగ్గేదాకా ఓపిక పట్టి, స్పిన్నర్లు వచ్చాక చేతులు ఝాడించాడు.

అటువైపు కథ ఇంకా చిత్రం. విజయనగరంలో మార్‌క్రమ్ సరిగ్గా వంద కొట్టి, మిగతావాళ్లకూ ఛాన్సివ్వాలని తానే తప్పుకున్నాడు. బవుమా 87తో నాటౌట్‌గా మిగిలాడు. విశాఖ వెళ్లాక మార్‌క్రమ్ 5, 39. బవుమా 18, 0. ప్రాక్టీసులో తొందరగా పెవిలియన్‌కి వచ్చేసిన డీన్ ఎల్గర్ అసలు టెస్టులో 160 చేశాడు! దక్షిణాఫ్రికా 203 పరుగుల తేడాతో ఓడింది.

ఎందుకిలా అంటే పెద్ద రహస్యమేమీ లేదు. పర్యాటక జట్టుకు ప్రాక్టీసు ఇచ్చేటప్పుడు ఏ దేశమూ తన అసలు సరుకు బయటపెట్టదు. విజయనగరంలో అశ్విన్ లేడు, రవీంద్ర జడేజా లేడు, షమీ లేడు. విశాఖ తొలి ఇన్నింగ్స్‌లో అశ్విన్ ఏడు వికెట్లు, రెండో దాంట్లో షమీ ఐదు తీశారు. ఇంట్లో వాళ్ల ముందు పాడిన పాటకీ, కచేరీలో పాడిన పాటకీ తేడా ఉండదూ? కాబట్టి ఇలాంటి మ్యాచ్‌లో స్కోరు కన్నా, ఆటగాడు ఎలా ఔటయ్యాడన్నదే చూడాలి. రోహిత్‌ విషయంలో ఆ రెండో బంతి చెప్పింది నిజమే: కొత్తబంతికి ఇతను దొరుకుతాడని. ఆ మాట అభిమానుల కన్నా ముందు అతనే విన్నట్టున్నాడు.

ప్రాక్టీస్ మ్యాచ్ అంటే విజయనగరానికి ఇంకో పాత సంగతి కూడా ఉంది. అంత గొప్పగా చెప్పుకునేది కాదు. ‘విజ్జీ’గా పేరుపడ్డ మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, 1936లో మన జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. తొలి టెస్టుకు ముందు మైనర్ కౌంటీస్‌తో లార్డ్స్‌లో ఓ చిన్న మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని కూర్చోమని లాలా అమర్‌నాథ్‌కి చెప్పి, వరసగా వేరేవాళ్లను పంపారు. ఆట ముగిసే వేళకి పంపితే అమర్‌నాథ్ ఊరుకుంటాడా? తిరిగొచ్చి సామాన్లు విసిరేసి, పంజాబీలో నాలుగు తిట్లు తిట్టాడు. టూరులో అంతకుముందే ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టినవాణ్ణి, టెస్టు ఆడకుండానే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు! అమర్‌నాథ్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. కెప్టెన్‌గారు మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. లెక్కలోకి రాని మ్యాచ్ ఒక మనిషిని పదేళ్లు వెనక్కి నెట్టిందన్నమాట. (మధ్యలో యుద్ధం కూడా వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.)

మళ్లీ 2019కి వద్దాం. రోహిత్ సున్నా గొడవలో పడి చాలామంది ఇంకో స్కోరు మర్చిపోయారు. ఆ రోజు బోర్డు జట్టులో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసింది కేఎస్ భరత్, విశాఖ కుర్రాడు. 71 కొట్టాడు. నాలుగు రోజుల తర్వాత సొంతూళ్లో టెస్టు జరిగితే కీపింగ్ గ్లోవ్స్ వృద్ధిమాన్ సాహా చేతికి వెళ్లాయి. భరత్‌కి టెస్టు టోపీ దక్కింది 2023 ఫిబ్రవరిలో, నాగపూర్‌లో ఆస్ట్రేలియా మీద. అంటే మూడేళ్లకు పైనే పట్టింది. సొంతూళ్లో టెస్టు ఆడే రోజు మరో ఏడాదికి, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఇంగ్లండ్ మీద 17, 6 చేశాడు. తర్వాతి టెస్టుకి ఆ చోటు ధ్రువ్ జురెల్‌ది అయింది.

రోహిత్ 2025 మే నెలలో టెస్టులకు సెలవు చెప్పేశాడు. భరత్ మాటొస్తే మాత్రం ఇటు జిల్లాల్లో వాదన ఇంకా తెగదు. ‘‘ఆ రోజు ఫిలాండర్‌ని కాచుకుని 71 కొట్టినోడు గురూ!’’ అంటారు ఒకరు. ‘‘అది ప్రాక్టీసు మ్యాచ్‌ రా!’’ అంటారు ఇంకొకరు.